టిక్కు తీస్తే మళ్ళీ తన చోటికే: ఇద్దరి ఫోన్లలో ఒకే వెచ్చాల చీటీ

నోట్లు రాసుకునే గూగుల్ కీప్ యాప్‌లో చీటీ రాయడం, అవతలివాళ్ళ మెయిల్ ఐడీ ఇచ్చి పంచుకోవడం అందరికీ తెలిసిన పనే కాబట్టి ఆ జోలికి పోను. మా ఇంట్లో ఇద్దరం చాలాకాలంగా నెల వెచ్చాలకు దీన్నే వాడుతున్నాం. ఎన్ని కొత్త యాప్‌లు వచ్చినా దీన్ని వదలబుద్ధి కాకపోవడానికి కారణం ఒక్కటే. టిక్కు పెట్టిన సరుకు అడుక్కి పోతుంది. మళ్ళీ కావాల్సినప్పుడు టిక్కు తీస్తే అది చీటీ చివర్లో వచ్చి చేరదు. అంతకుముందు ఏ రెండు సరుకుల మధ్య ఉండిందో సరిగ్గా అక్కడికే వెళ్తుంది.

దీని విలువ అంగట్లో నిలబడ్డప్పుడు తెలుస్తుంది. నెల వెచ్చాలంటే యాభై అరవై రకాలు. గుర్తొచ్చిన వరసలో రాసిపెట్టుకుంటే పప్పుల దగ్గర నిలబడి చీటీని పైకీ కిందికీ తోసుకుంటూ ఉండాలి. సబ్బులు కూడా తీసుకుని బిల్లు దగ్గరికొచ్చాక ఇంగువ కనబడుతుంది, మళ్ళీ వెనక్కి నడవాలి. కీప్‌లో వరస ఒక్కసారి కట్టుకుంటే చాలు. అంగట్లో ఏది ముందు దొరుకుతుందో, ఏది తర్వాతో ఒక నెల గమనించి, ఇంటికొచ్చాక ఒక్కో సరుకు ఎడమ పక్కనున్న చుక్కల గుర్తును నొక్కిపట్టి పైకో కిందికో జరపాలి. మా వరస నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ అంగళ్ళకు కుదిరింది: ముందు బియ్యం, ఆ తర్వాత పప్పులు, రవ్వలు, నూనెలు, చింతపండు, ఎండుమిర్చి, పోపు దినుసులు, ఆఖర్న సబ్బులు, అగరొత్తులు. సెట్టింగ్స్‌లో టిక్కు పెట్టినవి కిందికి జరిగే ఆప్షన్ ఆన్ అయి ఉందో లేదో ఇద్దరి ఫోన్లలోనూ చూసుకోవాలి.

అప్పట్నుంచి నెలాఖర్లో చీటీ రాసే పనే లేదు. డబ్బా అడుక్కొచ్చిందని ఎవరి కంటబడితే వాళ్ళు అప్పటికప్పుడు టిక్కు తీసేస్తారు. ఒకటో తారీఖుకి చీటీ దానంతటదే తయారై, అంగడి వరసలోనే ఉంటుంది. పక్కనున్న పరిమాణం కూడా పోదు. ఆవకాయ చీటీ విడిగా పెట్టుకున్నాం. ఏడాదికోసారి 'అన్నిటికీ టిక్కు తీసేయి' అని నొక్కితే కారం ఎంత, ఆవపిండి ఎంత, నువ్వుల నూనె ఎంత అనేది నిరుటి లెక్కతో సహా పైకొస్తుంది. ఈ సుఖం కాగితం చీటీతో రాదు, వాట్సాప్‌తో అసలే రాదు. వాట్సాప్‌లో పంపిన మెసేజీని 15 నిమిషాల్లోపే దిద్దగలం. ఆ తర్వాత గుర్తొచ్చినవన్నీ విడి మెసేజీలై, కబుర్ల మధ్యలో కలిసిపోతాయి.

సరుకు రాసే పద్ధతి మాత్రం ఇద్దరూ ముందే ఒప్పుకోవాలి. పేరు ముందు, పరిమాణం తర్వాత, రకం చివర. 'కందిపప్పు, 2 కిలోలు, పాలిష్ లేనిది'. 'చింతపండు, అర కిలో, గింజ తీసింది'. బియ్యం దగ్గర 'బస్తా' అని ఒక్క మాట రాస్తే చాలదు. 2022 జులైలో 25 కిలోల వరకూ ప్యాక్ చేసిన బియ్యానికి జీఎస్టీ వేశాక అంగళ్ళలో 26 కిలోల బస్తాలు దిగాయి. అందుకే 'బియ్యం, 26 కిలోలు 1, పాతవి' అని పూర్తిగా ఉంటుంది మా చీటీలో. నూనెదీ అంతే. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఇప్పుడు అంతకంటే తక్కువున్న ప్యాకెట్లు కూడా అదే సైజులో కనిపిస్తున్నాయి కాబట్టి లీటరు అని కాకుండా గ్రాముల్లో రాసుకుంటే ధర పోల్చుకోవడం తేలిక.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని చెప్పాలి. తన చోటికి వెళ్ళే గుణం పాత సరుకుకే. అడుగున వెతికి టిక్కు తీయకుండా కొత్తగా టైపు చేస్తే అదే సరుకు రెండోసారి చేరుతుంది. ఒకరు తెలుగులో 'మినపగుళ్ళు' అనీ, ఇంకొకరు ఇంగ్లీషు అక్షరాల్లో అదే పేరూ కొడితే రెండూ ఉంటాయి, రెండూ కొనేస్తాం. ఇద్దరూ తెలుగులోనే రాయడం మేలు. కీబోర్డులో మైకు నొక్కి పలికితే సరుకుల పేర్లు చాలావరకు సరిగ్గానే పడతాయి. ఇంకొకటి, అంగడి మారితే కట్టుకున్న వరస పనికిరాదు. అరవై సరుకులను మళ్ళీ వేలితో జరపడం విసుగు పని.

ఒక సరుకును కొంచెం కుడికి జరిపితే అది పైదాని కింద ఉపభాగం అవుతుంది. 'స్టోన్‌హౌస్‌పేట' అని తలకట్టు పెట్టి దానికింద సరుకులన్నీ సర్దుకోవచ్చని మొదట ఎవరికైనా అనిపిస్తుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ తలకట్టుకు వేలు తగిలి టిక్కు పడితే దానికిందివన్నీ టిక్కు పడి అడుక్కి పోతాయి. బిల్లు దగ్గర చేతిలో సంచులతో ఉన్నప్పుడు ఇది జరిగే పనే. ఒక్కో అంగడికి విడి నోటు పెట్టడమే మంచిది. కూరగాయలకూ అంతే. ఫత్తేఖాన్‌పేట రైతుబజారులో ఆరోజు ఏది లేతగా ఉంటే అది తెచ్చుకుంటాం కాబట్టి అక్కడికి అంత వరస అక్కర్లేదు. చేపలు చీటీలో రాయనే రాయం, మార్కెట్‌కి ఏం వచ్చిందో చూశాకే పులుసు సంగతి.

అసలు దెబ్బ తగిలింది ఫోన్ సిగ్నల్ దగ్గర. ఒకరు సెల్లారులో ఉన్న సూపర్ మార్కెట్లో సరుకులు తీసుకుంటూ టిక్కులు పెడుతున్నారు. అదే సాయంత్రం ఇంకొకరు దారిలో అంగడి దగ్గర ఆగి చీటీ తెరిస్తే ఒక్క టిక్కూ లేదు. ఇంట్లోకి 5 లీటర్ల నూనె డబ్బాలు రెండు, బియ్యం బస్తాలు రెండు వచ్చాయి. బియ్యం నిలవుంటుంది, పర్లేదు. గోధుమపిండి కూడా రెండింతలు వచ్చింది, ఎండాకాలం కావడంతో పురుగు పట్టింది.

ఎందుకిలా అయిందో విడదీసి చూస్తే ఆలస్యం రెండు చోట్ల ఉంది. సిగ్నల్ లేనప్పుడు పెట్టిన టిక్కులు ఆ ఫోన్లోనే ఉండిపోతాయి, డేటా వచ్చాకే బయటికి పోతాయి. బయటికొచ్చినా ఫోను జేబులో ఉండి బ్యాటరీ సేవర్ ఆన్ అయి ఉంటే వెనకాల యాప్ పని చేయకపోవచ్చు, మళ్ళీ తెరిచేదాకా టిక్కులు కదలవు. ఇది ఒక ఆలస్యం. అవతలి ఫోన్లోనూ బ్యాటరీ సేవర్ ఉంటే, తెరిచిన వెంటనే కనబడేది చివరిసారి తెచ్చుకున్న పాత చీటీ. ఇది రెండోది. పైగా పంచుకున్న చీటీలో ఎదుటివాళ్ళు ఏదైనా మారిస్తే ఫోను మోగదు, కాబట్టి మారిందన్న సంగతే తెలియదు.

సరిచేసుకోవడం కష్టమేం కాదు. ఇద్దరి ఫోన్లలోనూ సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్ళి, కీప్ తెరిచి, బ్యాటరీ దగ్గర 'అన్‌రిస్ట్రిక్టెడ్' పెట్టాలి. ఈ పేర్లు ఫోను కంపెనీని బట్టి కొంచెం మారతాయి. డేటా సేవర్ వాడేవాళ్ళు అందులోనూ కీప్‌ని మినహాయించాలి. అంగట్లోకి అడుగు పెట్టే ముందు, అంటే సిగ్నల్ ఉన్న చోటే, యాప్ తెరిచి నోట్లన్నీ కనిపించే పేజీని వేలితో కిందికి లాగి వదిలితే కొత్త మార్పులు దిగుతాయి. సెల్లారు నుంచి పైకొచ్చాక కూడా ఒకసారి తెరవాలి, టిక్కులు అప్పుడు బయటికి పోతాయి. వీటన్నిటికంటే పనికొచ్చిన కట్టుబాటు ఇంకొకటుంది: ఎవరు అంగట్లో ఉంటే వాళ్ళే టిక్కు పెట్టాలి. ఇంట్లో ఉన్నవాళ్ళు కొత్తవి చేర్చవచ్చు గానీ ఉన్నదాన్ని దిద్దకూడదు. పరిమాణం పెంచాలంటే ఫోన్ చేసి చెప్పడమే నయం.

మెనూలో ఇంకో గండం ఉంది. 'అన్నిటికీ టిక్కు తీసేయి', 'టిక్కు పెట్టినవి తొలగించు' ఒకే చోట ఉంటాయి. రెండోది నొక్కితే కట్టుకున్న వరసంతా పోతుంది, ఇద్దరి ఫోన్లలోనూ పోతుంది. అందుకని నోటుకు నకలు తీసే ఆప్షన్‌తో ఒక కాపీ చేసి ఆర్కైవ్‌లో పడేసి ఉంచాలి. నోటు మొదట తయారుచేసినవాళ్ళు దాన్ని తీసేస్తే ఎదుటివాళ్ళకీ ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

చీటీని అంగడాయనకు వాట్సాప్‌లో పంపి సరుకులు ఇంటికి తెప్పించుకునేవాళ్ళు నెల్లూర్లో తక్కువేం లేరు. వాళ్ళొకటి చూసుకోవాలి. కీప్ నుంచి నేరుగా పంపితే టిక్కు పెట్టినవి కూడా వెళ్తాయి, పక్కన చిన్న గుర్తు తేడా మాత్రమే ఉంటుంది. అంగట్లో కుర్రాడు ఆ గుర్తు చూడడు, అన్నీ కట్టేస్తాడు. టిక్కు పెట్టిన భాగాన్ని బాణం గుర్తుతో మూసేసి స్క్రీన్‌షాట్ పంపడం సురక్షితం.

ఇద్దరివీ ఐఫోన్లే అయితే నేను కీప్ పెట్టుకోమని గట్టిగా చెప్పను. 2023లో వచ్చిన ఐఓఎస్ 17 నుంచి ఐఫోన్లోనే ఉండే రిమైండర్స్ యాప్‌లో 'గ్రోసరీ' రకం చీటీ ఉంది, సరుకులను అదే విభాగాలుగా సర్దుతుంది. కాకపోతే ఆ విభాగాలు అది సర్దినవి, మన అంగడి వరసకు కావాలంటే మనమే మార్చుకోవాలి. ఒకరిది ఆండ్రాయిడ్, ఒకరిది ఐఫోన్ అయితే కీప్ రెండింట్లోనూ నడుస్తుంది. ఒకరు ఒంగోల్లో ఉద్యోగం చేస్తూ శనివారం ఇంటికొచ్చేవాళ్ళయితే ఇంకా ఎక్కువ పనికొస్తుంది, రైల్లోనే చీటీ చూసుకుని స్టేషన్ నుంచి అటే అంగడికి పోవచ్చు. మాకిది ఇంత బాగా కుదరడానికి నెలకోసారి, ఒకే అంగట్లో కొనే అలవాటు సగం కారణం. ఏ రోజుకారోజు వీధి చివర చిల్లర కొట్లో తెచ్చుకునే ఇంట్లో వరసతో పనేముంది, అక్కడ ఫోన్ చేసి చెప్పుకుంటే సరిపోతుంది.