పొట్టి పాత్రలు, పెద్ద కత్తులు: ఏళ్ల తరబడి వాడి చూసిన నిబంధనలు

మూడడుగుల హాఫ్లింగ్, అంటే ఈ ఆటల్లోని పొట్టి జాతి పాత్ర, తన ఎత్తుకు మించిన కత్తిని తిప్పవచ్చా, తిప్పితే ఏమవుతుంది అన్న ప్రశ్న ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించే ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటలు ఆడే ప్రతి బృందంలోనూ ఏదో ఒక రోజు తలెత్తుతుంది. దానికి ఒక్కో ఆట ఒక్కో జవాబు చెబుతుంది. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ వేర్వేరు కూర్పులనూ, గర్ప్స్‌నూ, పాత్‌ఫైండర్‌నూ కొంతకాలం ఆటగాళ్లలో ఒకరిగా, ఎక్కువకాలం ఆటను నడిపే గేమ్ మాస్టర్‌గా వాడిన తర్వాత నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: ఆయుధం చేతికి అమరుతుందా లేదా అన్నది శరీర పరిమాణం తేల్చాలి, దాన్ని ఎంత బాగా, ఎంతసేపు తిప్పగలరన్నది బలం తేల్చాలి. ఈ రెండింటినీ కలగలిపిన నిబంధనలు పుస్తకంలో ఎంత పొందికగా కనిపించినా ఆటలోకి దిగాక వింత ఫలితాలే ఇచ్చాయి.

2000లో వచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ మూడో కూర్పులో ఆయుధానికే ఒక పరిమాణం ఉండేది. పట్టేవారికంటే ఒక మెట్టు చిన్నదైతే అది తేలిక ఆయుధం, సమానమైతే ఒంటిచేతి ఆయుధం, ఒక మెట్టు పెద్దదైతే రెండు చేతుల ఆయుధం. మనిషి ఒంటిచేత్తో ఆడించే లాంగ్‌స్వోర్డ్‌ను హాఫ్లింగ్ రెండు చేతులతో పట్టుకుంటాడు. మనిషికి తేలికైన షార్ట్‌స్వోర్డ్ హాఫ్లింగ్‌కు అసలైన కత్తి అవుతుంది. ఒక్క వాక్యంలో చెప్పగలిగిన నిబంధన కాబట్టి కొత్తవారికి కూడా వెంటనే అర్థమయ్యేది. 2003లో వచ్చిన 3.5 కూర్పు దీన్ని మరికొంత ముందుకు తీసుకెళ్లి, ప్రతి ఆయుధమూ ఒక నిర్దిష్ట పరిమాణం గల శరీరం కోసం తయారవుతుందని చెప్పింది. తనకోసం చేయని ఆయుధం పడితే పరిమాణంలో ఒక్కో మెట్టు తేడాకు దాడిలో 2 తగ్గుతుంది, పైగా ఒంటిచేతి కత్తి రెండు చేతుల కత్తిగా మారిపోతుంది. చాలామంది దీన్ని అనవసరపు చాదస్తమన్నారు గానీ, నా దృష్టిలో ఇందులో నిజం ఉంది. చిన్న అరచేతిలో లావాటి పిడి కుదురుగా నిలవదు. 15వ శతాబ్దపు ఇటాలియన్ ఖడ్గ గురువు ఫిలిప్పో వాడి రెండు చేతుల కత్తి నేల నుంచి చంక వరకు రావాలన్నాడు, అంటే కత్తి కొలతను పట్టేవాడి ఒంటిని బట్టే నిర్ణయించాడు.

ఈ నిబంధన ఎలా పనిచేస్తుందో నాకు బాగా తెలిసివచ్చింది ఒక సమాధి దోపిడీ ఘట్టంలో. బృందానికి మనుషుల కోసం చేసిన, +1 మహిమ గల లాంగ్‌స్వోర్డ్ ఒకటి దొరికింది. బలం అంకె 16 ఉన్న హాఫ్లింగ్ యోధుడి దగ్గర అప్పటికే తన ఒంటికి తగ్గట్టు చేయించుకున్న మామూలు గ్రేట్‌స్వోర్డ్ ఉంది. కొత్త కత్తిని రెండు చేతులతో పట్టితే ఎనిమిది ముఖాల పాచిక మీద రెండు చేతుల బలానికి 4, మహిమకు 1 కలిసి సగటు దెబ్బ 9.5 వస్తుంది. పాత కత్తికి పది ముఖాల పాచిక మీద 4 కలిసి సగటు అంతే, 9.5. పరిమాణపు తేడాకు 2 పోయి, మహిమకు 1 తిరిగొచ్చి, దాడిలో మాత్రం కొత్త కత్తి ఒక పాయింటు వెనకబడే ఉంది. లెక్క రెండుసార్లు సరిచూసుకున్న ఆటగాడు మహిమ గల కత్తిని పక్కనున్న మనిషి పాత్రకు ఇచ్చేసి, తన కత్తితోనే కొనసాగాడు. మామూలు ఆయుధాలు గాయపరచలేని శత్రువులు ఎదురైనప్పుడు అరువు తెచ్చుకుంటానని ఒక షరతు మాత్రం పెట్టాడు. నిబంధన అంటే ఇలా ఉండాలి: ఏదీ నిషేధించలేదు, అయినా పాత్ర తన ఒంటికి సరిపోయిన నిర్ణయం తీసుకుంది.

ఈ నిబంధన బరువు వేరేచోట పడుతుంది. యాదృచ్ఛికంగా దొరికే ఆయుధాల్లో 60 శాతం మధ్యస్థ, అంటే మనుషుల పరిమాణానివి, 30 శాతం మాత్రమే హాఫ్లింగ్ లాంటి చిన్నవారివి అని 3.5 పట్టిక నిర్ణయించింది కాబట్టి, గేమ్ మాస్టర్ పూనుకొని సర్దితే తప్ప చిన్న పాత్రలకు నిధుల్లో చేతికి తగ్గది దొరకడం అరుదు. ఇక శరీరాన్ని పెంచే మంత్రం వేసిన ప్రతిసారీ గ్రేట్‌స్వోర్డ్ రెండు ఆరుముఖాల పాచికల నుంచి మూడింటికి పెరగడం, బలం 2 పెరగడం, చురుకుదనం 2 తగ్గడం, దాడిలోనూ రక్షణలోనూ ఒక్కోటి పోవడం, దెబ్బ అందే దూరం పదడుగులకు పెరగడం, ఇవన్నీ పోరాటం మధ్యలో సరిచూసుకోవాలి. అలాంటి పాత్రకు పెరిగిన ఒంటి వివరాలతో రెండో కాగితం ముందే రాసి పెట్టుకోమని నేను ఆటగాళ్లను అడిగేది అందుకే. రాసుకున్నవారితో ఆట సాఫీగా సాగింది. రాసుకోనివారి వంతు వచ్చినప్పుడల్లా మిగతావాళ్లు టీ పెట్టుకొని వచ్చేంత సమయం పట్టేది.

2014లో వచ్చిన అయిదో కూర్పు ఈ సరంజామా అంతా ఎత్తేసి ఒక్క ముక్క మిగిల్చింది: గ్రేట్‌స్వోర్డ్ లాంటి భారీ ఆయుధాలను చిన్న పరిమాణం గలవారు వాడితే డిసడ్వాంటేజ్, అంటే ఇరవై ముఖాల పాచికను రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవాలి. చెప్పడానికి తేలికే గానీ దెబ్బ గట్టిది. 8 లేదా ఆపైన పడితే తగిలే దాడికి మామూలుగా 65 శాతం అవకాశం ఉంటే, డిసడ్వాంటేజ్‌తో అది సుమారు 42 శాతానికి పడిపోతుంది. బలం 16 ఉన్న హాఫ్లింగ్ గ్రేట్‌స్వోర్డ్‌తో సగటున 10 దెబ్బ కొట్టగలిగినా, తగిలే అవకాశంతో గుణిస్తే ఒక్కో దాడికి దక్కేది 4.2, అదే లాంగ్‌స్వోర్డ్‌ను రెండు చేతులతో పట్టుకుంటే దక్కేది 5.5. నిషేధం అని రాయలేదు గానీ ఆచరణలో అది నిషేధమే. దీనికి దొడ్డిదారి కూడా ఉంది. బార్బేరియన్ అనే ఆవేశపు యోధుడి పాత్ర తెగించి దాడి చేస్తే అడ్వాంటేజ్ (రెండు పాచికల్లో ఎక్కువది తీసుకోవడం) వస్తుంది, అది డిసడ్వాంటేజ్‌ను రద్దు చేస్తుంది. కాబట్టి గొడ్డలి పట్టిన పొట్టి బార్బేరియన్లు చాలామందే నా ఆటల్లో పుట్టుకొచ్చారు.

ఇక్కడ నాకు అసలు నచ్చనిది జరిమానా తీవ్రత కాదు, అది ఎవరి మీద పడుతుందన్నది. బలం 18 ఉన్న హాఫ్లింగ్‌కు డిసడ్వాంటేజ్ ఉంది, బలం 8 ఉన్న మనిషి యోధుడికి లేదు. నిబంధన చూస్తున్నది ఎత్తును మాత్రమే. 2024 సవరణ దీన్ని తలకిందులు చేసింది: పరిమాణం ఊసే తీసేసి, చేతిపోరు భారీ ఆయుధాలకు బలం 13, దూరం నుంచి కొట్టే భారీ ఆయుధాలకు చురుకుదనం 13 ఉండాలంది. మొదటి సగాన్ని నేను మనస్ఫూర్తిగా ఆహ్వానించాను. రెండో సగం గురించి కింద చెబుతాను. ఏమైనా, ఒకే ఆట ఒకసారి పరిమాణాన్ని మాత్రమే, మరోసారి బలాన్ని మాత్రమే చూడటం వల్ల పాత పాత్రలను కొత్త నిబంధనల్లోకి మార్చేటప్పుడు తకరారు తప్పలేదు. 2019 నాటి పాత్‌ఫైండర్ రెండో కూర్పు ఇంకా సులువుగా తప్పుకుంది. అందులో చిన్న, మధ్యస్థ పాత్రలు ఒకే ఆయుధంతో ఒకే దెబ్బ కొడతాయి, ఇంకా పెద్ద ఒంటికి చేసిన ఆయుధం పడితే మాత్రం ఒళ్లు తడబడుతుంది. ఆడటానికి హాయిగా ఉంటుంది, కానీ పొట్టివాడి కత్తికీ పొడుగువాడి కత్తికీ తేడా కనిపించదు.

గర్ప్స్ నాలుగో కూర్పు దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే బలాన్ని మెట్లుమెట్లుగా లెక్కించిన పద్ధతుల్లో నాకు బాగా నచ్చినది ఇదే. ప్రతి ఆయుధానికీ ఒక కనీస బలం ఉంటుంది. బ్రాడ్‌స్వోర్డ్‌కు 10, గ్రేట్‌స్వోర్డ్‌కు 12. బలం చాలకపోతే ఆయుధం చేతిలోంచి లాక్కోరు. ఎన్ని పాయింట్లు తక్కువైతే నైపుణ్యంలో అన్ని తగ్గుతాయి, ఒళ్లు అలసేంతసేపు పోరాటం సాగితే చివర్లో అన్ని అలసట పాయింట్లు అదనంగా పోతాయి. బలం 9 ఉన్న పాత్ర గ్రేట్‌స్వోర్డ్ ఎత్తితే నైపుణ్యం 13 నుంచి 10కి దిగుతుంది. ఆ ఆటలో మూడు ఆరుముఖాల పాచికలు కలిపి నైపుణ్యానికి మించకుండా వేయాలి కాబట్టి, ఈ మూడు పాయింట్ల తేడా అంటే సుమారు 84 శాతం అవకాశం 50 శాతానికి రావడం. బలం 11 ఉన్నవాడు అదే కత్తితో ఒక్క పాయింటే నష్టపోతాడు. ఇది శిక్షలా అనిపించదు, కొంచెం బరువెక్కువైన పనిముట్టుతో రోజంతా పనిచేసినట్టు ఉంటుంది.

పైవైపు కూడా అదే తర్కం కొనసాగుతుంది. గ్రేట్‌స్వోర్డ్‌ను ఒంటిచేత్తో పట్టాలంటే కనీస బలానికి ఒకటిన్నర రెట్లు, అంటే 18 ఉండాలి. అప్పుడు కూడా ఒక్క దెబ్బ వేయగానే కత్తి అదుపు తప్పుతుంది, మళ్లీ సిద్ధం చేసుకోవాలి. రెట్టింపు బలం, అంటే 24 ఉంటే ఆ ఇబ్బంది ఉండదు. రాక్షసుడు రెండో చేతిలో డాలు పట్టుకొని ఆ కత్తినే చాకులా ఆడించడానికి వేరే ప్రత్యేక సామర్థ్యం అక్కర్లేదు, అంకె చూస్తే చాలు. నిజం చెప్పాలంటే అలసట లెక్క మాత్రం ఆటలో నిలబడదు. పోరాటం ముగిసిన ఉత్సాహంలో ఎవరూ దాన్ని తీసివేయరు, నేను గుర్తుచేస్తే ముఖాలు ముడుచుకుంటాయి. అలసట పాయింట్లు తీసేదాకా శవాల జేబులు వెతకనివ్వనని కట్టడి చేశాకే అది అలవాటైంది.

కంప్యూటర్ ఆటల్లో లెక్కల బాధ యంత్రానిదే కాబట్టి అక్కడ ఇంకా సూక్ష్మంగా చేయవచ్చు. డయాబ్లో రెండో భాగంలో బలం చాలకపోతే ఆయుధం పట్టనే పట్టలేం, అంతటితో మాట ముగిసింది. 2011లో వచ్చిన డార్క్ సోల్స్‌లో జ్వైహాండర్ అనే పెద్ద కత్తికి బలం 24 కావాలి, కానీ రెండు చేతులతో పడితే బలాన్ని ఒకటిన్నర రెట్లుగా లెక్కిస్తారు, కాబట్టి 16 ఉన్నవాడికి సరిపోతుంది. డాలు వదులుకుంటావా, ఇంకా ఎనిమిది పాయింట్లు సంపాదించేదాకా ఆగుతావా అన్న ఎంపిక ఆ ఒక్క నిబంధన నుంచే పుడుతుంది. బలం అక్కడ అడ్డుగోడ కాకుండా పట్టును మార్చే అంశం అయింది. అయితే అందులో అందరూ ఇంచుమించు ఒకే ఎత్తు కాబట్టి పరిమాణం సంగతి తేలకుండానే ఉండిపోయింది.

ఇక విల్లు. శివధనుస్సు ఎక్కుపెట్టడమే బలపరీక్షగా పెట్టిన కథ చిన్ననాటి నుంచి వింటున్న మనకు, విల్లును చురుకుదనం ఆయుధంగా లెక్కించడం మొదటి నుంచీ మింగుడుపడని విషయమే. చరిత్ర కూడా మనవైపే ఉంది. 1545లో మునిగి 1982లో పైకి తీసిన ఇంగ్లిష్ యుద్ధనౌక మేరీ రోజ్‌లో దొరికిన విల్లులను పూర్తిగా లాగడానికి సుమారు 100 నుంచి 185 పౌండ్ల బలం కావాలని పరిశోధకుల అంచనా. దానికి భిన్నంగా, యుద్ధంలో వాడిన లాంగ్‌స్వోర్డ్‌లు ఎక్కువగా కిలోన్నర అటూఇటూ తూగేవి, రెండు చేతుల పెద్ద కత్తులు కూడా సాధారణంగా మూడు కిలోల చుట్టుపక్కలే. కత్తి విషయంలో బలం తక్కువైనా మెలకువతో కొంత నెట్టుకురావచ్చు. నారి సగమే వెనక్కి వచ్చిన విల్లుతో ఏ మెలకువా పనిచేయదు. అయినా అయిదో కూర్పులో బలం 8 ఉన్న పాత్ర 150 అడుగుల దూరాన ఉన్న శత్రువును లాంగ్‌బో అనే పొడవాటి విల్లుతో ఏ ఇబ్బందీ లేకుండా కొట్టగలదు, 2024 సవరణ దీనికి చురుకుదనం హద్దు పెట్టి పొరపాటును ఇంకా స్థిరపరచింది. 3.5 కూర్పు ఈ విషయంలో మెరుగు: కాంపోజిట్ విల్లును (కొమ్ము, చెక్క, నరం కలిపి చేసినది) ఒక నిర్దిష్ట బలానికి చేయించుకోవాలి, అంత బలం ఉంటేనే దెబ్బకు అది కలుస్తుంది, లేకుంటే దాడిలో 2 తగ్గుతుంది. గర్ప్స్‌లో విల్లుకు తనదైన బలం అంకె ఉండి, దెబ్బనూ దూరాన్నీ అదే నిర్ణయిస్తుంది.

ప్రస్తుతం నేను నడిపే అయిదో కూర్పు ఆటలో బలానికి గర్ప్స్ తరహా లెక్కనూ, పరిమాణానికి 3.5 పద్ధతినీ వాడుతున్నాను. భారీ ఆయుధానికి, లాంగ్‌బోతో సహా, బలం 13 కావాలి. తక్కువైతే డిసడ్వాంటేజ్ బదులు ఎన్ని పాయింట్లు తక్కువో దాడిలో అన్ని తగ్గుతాయి. బలం 10 ఉన్న విలుకాడు 3 పోగొట్టుకుంటాడు, లేదా మారుమాట్లాడకుండా షార్ట్‌బో తీసుకుంటాడు. మొదట్లో విలుకాళ్లు సణిగారు గానీ, బలం మీద పాయింట్లు పెట్టిన విలుకాడికి తొలిసారిగా ఒక విలువ వచ్చింది. పరిమాణానికి మాత్రం 3.5 పద్ధతే ఉంచాను: తన ఒంటికి చేసిన ఆయుధమైతే ఏ అడ్డూ లేదు, చిన్న పాత్రకు దెబ్బ పాచిక మాత్రం ఒక మెట్టు తక్కువ, పరాయి పరిమాణపు ఆయుధమైతే 2 తగ్గింపు.

పొడవాటి ఈటెల దగ్గర ఈ ఏర్పాటు పూర్తిగా పొసగలేదు. 3.5లో చిన్న పాత్రకు చేసిన పొడవాటి ఈటె సగం బరువే ఉన్నా, మనిషి ఈటెలాగే పదడుగుల దూరానికి అందుతుంది, కాబట్టి పొట్టి యోధుడికి అంతకన్నా లాభసాటి ఆయుధం లేదు. దూరాన్ని తగ్గిద్దామంటే అయిదడుగుల గళ్ల పటం మీద తగ్గించడానికి మధ్య అంకె లేదు. ఇప్పటికి దాన్ని అలాగే వదిలేశాను. నా బృందంలోని గ్నోమ్ (మరో పొట్టి జాతి) పాత్ర ఆ ఈటెనే పట్టుకు తిరుగుతోంది, మిగతావాళ్లెవరూ దానికి అభ్యంతరం చెప్పలేదు.