రైల్వేకు అర్జీలు పెట్టడం: ఒక సీజన్ టికెట్ ప్రయాణికుడి సమీక్ష

ఫోన్లకూ మిక్సీలకూ సమీక్షలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను అర్జీలకు రాస్తున్నాను. కాజీపేట, విజయవాడ మధ్య ఒక చిన్న స్టేషన్ నుంచి ఏళ్ల తరబడి సీజన్ టికెట్ మీద ఉద్యోగానికి పోయి వస్తున్నాను. స్టేషన్ పేరు రాయను, రాస్తే కౌంటర్లో కూర్చునే మనిషికి లేనిపోని తలనొప్పి. పొద్దున ప్యాసింజర్‌లో కలిసే టీచర్లు, నర్సులు, బట్టల షాపుల్లో పనిచేసేవాళ్లు, కూరగాయల బుట్టలతో ఎక్కే అక్కలు కలిసి ప్రయాణికుల సంఘం లాంటిది ఒకటి నడుపుతున్నాం. రిజిస్ట్రేషన్ లేదు, లెటర్‌హెడ్ మాత్రం ఉంది. ఆ లెటర్‌హెడ్ మీద ఇన్నేళ్లలో ఏం పంపితే పని జరిగింది, ఏం పంపితే జరగలేదు అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు రైల్వే ఫిర్యాదుల ఫోన్ నంబరు 139, ఫిర్యాదుల వెబ్‌సైటూ యాపూ అయిన రైల్ మదద్ సంగతి. బోగీలో నీళ్లు లేవు, ఫ్యాన్ తిరగట్లేదు, బాత్రూమ్ కంపు కొడుతోంది లాంటి వాటికి ఇది బాగానే పనిచేస్తుంది. ఫిర్యాదుకు నంబర్ వస్తుంది, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, చాలాసార్లు వచ్చే పెద్ద స్టేషన్లో మనిషి ఎక్కుతాడు. కానీ "మా ఊళ్లో రైలు ఆపండి" అని ఇందులో రాస్తే దండగే. "మీ సూచన సంబంధిత విభాగానికి పంపాం" అని మెసేజ్ వస్తుంది, ఫిర్యాదు అక్కడితో మూసేస్తారు. ఈ రోజు ఈ బోగీలో వచ్చిన ఇబ్బంది తీర్చడానికి పెట్టిన ఏర్పాటు అది. రైలు ఎవరి కోసం నడవాలో తేల్చేది వేరే చోట.

సమాచార హక్కుకు నేను ఎక్కువ మార్కులేస్తాను. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. ఆన్‌లైన్‌లో కూడా పెట్టొచ్చు. కాకపోతే అడగడం తెలియాలి. "మా స్టేషన్లో ఫలానా రైలు ఎందుకు ఆపడం మానేశారు" అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే చట్టం కింద వాళ్లు ఇవ్వాల్సింది ఉన్న రికార్డే కానీ కారణాలు కాదు. "గత రెండేళ్లలో ఈ స్టేషన్లో నెలవారీగా అమ్మిన టికెట్లు, వచ్చిన ఆదాయం, హాల్ట్ రద్దు ఉత్తర్వు నకలు" అని అడిగితే కాగితాలు చేతికొస్తాయి. మాకు అసలు విషయం ఆ కాగితాల్లోనే దొరికింది.

మా స్టేషన్ అమ్మకాలు దారుణంగా తక్కువ కనిపించాయి. ప్లాట్‌ఫామ్ మీద జనం నిండుగా ఉంటే లెక్కలో ఇంత పలచగా ఎందుకున్నారని ఆరా తీశాం. మా వాళ్లలో చాలామంది సీజన్ టికెట్‌ను సాయంత్రం తిరుగు రైలెక్కే ముందు పెద్ద స్టేషన్లో తీసుకుంటున్నారు, అక్కడైతే కౌంటర్లు ఎక్కువ అని. ఆ అమ్మకం ఆ స్టేషన్ ఖాతాలో పడుతుంది. పొద్దున రైలెక్కే మనుషులు మా ఊళ్లో, వాళ్ల డబ్బు వేరే ఊరి లెక్కలో. పైగా జనరల్ టికెట్ మీద రైలు నంబరు ఉండదు కాబట్టి ఏ రైలు ఆగడం వల్ల ఎంత అమ్మకం జరిగిందో తేల్చడమూ కష్టమే. ఇక టికెట్టే కొనని మహానుభావుల గురించి చెప్పక్కర్లేదు. పది రూపాయలు మిగుల్చుకుని ఊరి హాల్ట్ పోగొట్టేది వాళ్లే.

ఈ లెక్కలతో ఆటాడే పద్ధతికి పెద్ద ఉదాహరణ మా లైన్లోనే ఉంది. నెక్కొండ సంగతి 2024 మొదట్లో పేపర్లలో వచ్చింది, చాలామంది చదివే ఉంటారు. రైలు ఆపడం కొనసాగాలంటే స్టేషన్ ఆదాయం చూపించాలన్నారు. ఊళ్లోవాళ్లు వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, నాలుగు వందల మంది దాకా చేరి, ఇరవై ఐదు వేల దాకా చందాలు పోగుచేసి, ప్రయాణం చేయకుండానే రోజూ టికెట్లు కొన్నారు. చదివినప్పుడు ముచ్చటేసింది. కాసేపటికి ఒళ్లు మండింది. నర్సంపేట వైపు జనానికంతా రైలంటే ఆ స్టేషనే. అలాంటి చోట రైలు ఆగాలా వద్దా అన్నది చందాల బలం మీద తేలడమేమిటి? ఆస్పత్రికి రోగులు తక్కువ వస్తున్నారని డాక్టర్ని తీసేసినట్టుంది ఈ లెక్క. చందా పోగుచేసుకోలేని ఊరి సంగతేంటి?

రైల్వే టికెట్ మీదే చాలాకాలంగా ఒక మాట అచ్చేస్తున్నారు, ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే వసూలవుతోందని. చదివినవాడికి ఏదో ధర్మానికి ఎక్కినట్టు సిగ్గేయాలి కాబోలు. నాకు వేయదు. మిగతాది ప్రజల డబ్బు, రైలూ ప్రజలదే. రోడ్డు వేసినప్పుడు ఖర్చులో ఎంత వసూలైందని ఎవరూ కరపత్రం పంచరు.

ఇంత మాట్లాడి, టికెట్లు మాత్రం మేమూ కొంటున్నాం. సీజన్లన్నీ సొంత స్టేషన్లోనే తీయాలని తీర్మానించుకున్నాం, నెల మొదట్లో కౌంటర్ దగ్గర మనిషి నిలబడి గుర్తుచేస్తాడు. వాళ్ల కొలత తప్పంటూనే ఆ కొలతలో ఓడిపోకుండా చూసుకోవాలి, వేరే దారి లేదు.

డివిజన్ స్థాయిలో, జోన్ స్థాయిలో వినియోగదారుల సంప్రదింపుల కమిటీలుంటాయి. ఎంపీలు సూచించినవాళ్లు, వ్యాపార సంఘాలవాళ్లు, ప్రయాణికుల సంఘాలవాళ్లు సభ్యులు, పదవీకాలం రెండేళ్లు. మా అర్జీ ఒకటి ఒక సభ్యుడి ద్వారా అక్కడికి వెళ్లింది. లాభం ఏమిటంటే లిఖితపూర్వకంగా జవాబొస్తుంది. నష్టం ఏమిటంటే "నిర్వహణపరంగా సాధ్యం కాదు" అన్న ఒక్క వాక్యమే వస్తుంది. ఎందుకు సాధ్యం కాదని మళ్లీ అడిగేలోపు ఆ సభ్యుడి పదవీకాలం అయిపోతుంది.

అయినా ఆ వాక్యం మాకు పనికొచ్చింది. నిర్వహణ అంటే ఏమిటో నేర్చుకుందామని రిటైరైన ఒక గార్డు గారి దగ్గర కూర్చున్నాం. మా ప్యాసింజర్‌ను లూప్ లైన్లో, అంటే పక్క పట్టా మీద పెట్టి వెనకొచ్చే సూపర్‌ఫాస్ట్‌ను ఎక్కడ దాటిస్తారు, రేక్ (రైలు బోగీల వరస) ఎక్కడికి పోయి ఎప్పుడు తిరిగొస్తుంది, ఎక్కడ ఎంతసేపు ఖాళీగా నిలబడుతుంది, అన్నీ కాగితం మీద గీసి చూపించారు. ఆ తర్వాత పంపిన అర్జీలో కొత్త రైలు అడగలేదు. సాయంత్రం మెమూ (కరెంటుతో నడిచే లోకల్ రైలు) పావుగంట ఆలస్యంగా బయల్దేరితే షాపుల్లో, ఆస్పత్రుల్లో షిఫ్టు దిగేవాళ్లకు అందుతుందని, రేక్ ఆ టైమ్‌లో ఊరికే నిలబడే ఉంటుందని, వెనక రైలుకు అడ్డం రాదని రాసి టైమ్ టేబుల్ పేజీ జతచేశాం. తర్వాతి టైమ్ టేబుల్లో మార్చారు. మా సంఘం గెలిచిందని గట్టిగా చెప్పుకోగలిగింది అదొక్కటే.

కరోనా తర్వాతి కాలంలో ఈ తెలివితేటలేవీ పనికిరాలేదు. 2020 మార్చిలో ఆగిన ప్యాసింజర్లు తిరిగొచ్చేటప్పటికి నంబరు ముందు సున్నా, పేరు ముందు స్పెషల్, కనీస చార్జీ 10 నుంచి 30. అదే బోగీ, అదే వేగం. పాతదాన్ని పక్కనబెట్టి మొదటి నుంచి కొత్తగా రాసే జీరో బేస్డ్ టైమ్ టేబుల్ పేరుతో దేశమంతా చిన్న హాల్టులు ఎగిరిపోయాయి. ఇలాంటి దానికి డివిజన్ ఆఫీసులో అర్జీ ఇస్తే "రైల్వే బోర్డు నిర్ణయం" అంటారు, నిజమే కూడా. పాత 10 రూపాయలు మళ్లీ వచ్చింది 2024 ఫిబ్రవరి చివర్లో, ఎన్నికల ముందు. అరవై దాటిన మగవాళ్లకు 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్లకు 50 శాతం ఉండిన రాయితీని అదే 2020లో తీసేశారు. అది ఎన్నికలకూ కదల్లేదు.

అంత పెద్ద వాటికి ఎంపీ కావాలి. 2016 దాకా విడిగా రైల్వే బడ్జెట్ ఉండేది. ఫిబ్రవరి వస్తే ప్రతి ఎంపీకీ "మా ప్రాంతానికేంటి" అని జనం నుంచి టెన్షన్ ఉండేది. అది మామూలు బడ్జెట్లో కలిశాక ఆ వేడి తగ్గిందని నా అభిప్రాయం. ఇప్పుడు సభలో లిఖితపూర్వక ప్రశ్న వేయించడమే మేలు, మంత్రి ఇచ్చే జవాబు రికార్డులో ఉండిపోతుంది. దండలేసి వినతిపత్రం ఇస్తే మిగిలేది ఫొటో. ఓపిక మాత్రం చాలా కావాలి. విశాఖ రైల్వే జోన్‌నే చూడండి. 2014 విభజన చట్టంలో పరిశీలించమని రాశారు, 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది. అంత పెద్ద ఉద్యమం, అన్ని పార్టీలు వెనకుంటేనే ఇంత పట్టింది.

రైల్ రోకో గురించి కుర్రాళ్లు అడుగుతుంటారు. పట్టాల మీద కూర్చుంటే రైల్వే చట్టం 174 సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. ఉద్యోగాలకు అప్లై చేసుకునే పిల్లల్ని అందులోకి దింపడం నాకిష్టం లేదు. హాల్ట్ తీసేసిన చోట చైన్ లాగి దిగడం మా వైపు మామూలే, దానికీ కేసులున్నాయి. పైగా చైన్ లాగిన ప్రతిసారీ రైలు లేటు మన ఊరి పేరు మీద రాస్తారు, రేపు హాల్ట్ అడిగినప్పుడు అదే మన ముఖాన కొడతారు.

కొత్తగా సంఘం పెట్టుకునేవాళ్లు లెటర్‌హెడ్ కంటే ముందు పాత టైమ్ టేబుల్ పుస్తకాలు సంపాదించండి. ఏ రైలు ఏ సంవత్సరం దాకా మీ ఊళ్లో ఆగిందో అందులో ఉంటుంది. "కొత్తగా ఇవ్వండి" అనడం కంటే "తీసేసింది తిరిగివ్వండి" అన్నదానికి ఆఫీసుల్లో కాస్త ఎక్కువ జవాబు వస్తోంది. మేము ప్రస్తుతం పొద్దున ఎక్స్‌ప్రెస్ ఒకటి అలాగే అడుగుతున్నాం, ఆరు నెలలు ప్రయోగాత్మకంగా ఆపి చూడమని. టికెట్ల సంగతి మేము చూసుకుంటామని అర్జీలో రాద్దామని కొందరన్నారు. నేను ఆ వాక్యం రాయనివ్వలేదు.