లివర్ క్లినిక్: డాక్టరుకు ఐదు నక్షత్రాలు, కౌంటరుకు రెండే

నాన్నగారికి సిర్రోసిస్ (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడటం) అని తేలాక ఒక లివర్ క్లినిక్‌లో చూపిస్తున్నాం. పేరు రాయను, కింద కాస్త తిట్టబోతున్నాను కనుక.

కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్‌లో 20 కిలోపాస్కల్స్ లోపు, ప్లేట్‌లెట్లు 1,50,000 పైన ఉంటే ఎండోస్కోపీ వాయిదా వేయవచ్చట. నాన్నగారికి రెండూ కుదరలేదు, ఎండోస్కోపీ చేశారు. అన్నవాహికలో సిరలు బాగా ఉబ్బి ఉన్నాయి, అదృష్టం కొద్దీ ఇంకా చిట్లలేదు. ఆ సిరలు చిట్లకుండా రబ్బరు బ్యాండ్లు వేయిస్తే కొన్ని వారాలకోసారి మళ్ళీ ఎండోస్కోపీ, మాత్రలయితే రోజూ మానకుండా వేసుకోవాలని చెప్పి, డాక్టరు నిర్ణయం మాకే వదిలారు. మాత్రలే ఎంచుకున్నాం. ముందు ఆస్తమా ఉందా అని అడిగి, బీపీకి కూడా వాడే కార్వెడిలాల్ 6.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 12.5కు పెంచారు. “నాకు బీపీ లేదు కదండీ!” అని నాన్నగారు వాదిస్తే, కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి తగ్గడానికని ఓపిగ్గా బొమ్మ గీసి చూపించారు. పై బీపీ 90 కంటే తగ్గితే ఫోన్ చేయమన్నారు.

కౌంటరు సంగతి వేరు. ఎండోస్కోపీ కోసం పరగడుపున వచ్చిన పెద్దాయనను మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు, అడిగితే విసుక్కున్నారు. రిపోర్టు ఇచ్చింది మర్నాడు. వెళ్ళేవారు మొదటి టోకెనే అడగండి. పార్కింగ్ కూడా లేదు.