గుంటూరు మిర్చి యార్డు: ధర బాగుంటుంది, సరుకు సిద్ధంగా ఉంటేనే

గుంటూరు పడమటికి ఎందుకు పెరిగిందో మిర్చి యార్డు ఉన్న చుట్టుగుంట దగ్గర నిలబడితే తెలిసిపోతుంది. 1866లో మున్సిపాలిటీ, 1904లో జిల్లా కేంద్రం అయిన ఈ ఊరికి పొగాకు వ్యాపారం మంచి పేరే తెచ్చింది. 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలాక పల్నాటి నల్లరేగళ్లలో మిరప తోటలు పెరిగాయి. ఆ కాయ కోసం యార్డు, యార్డును నమ్ముకుని రైతు సరుకు అమ్మిపెట్టే కమీషన్ కొట్లు, వాటిని ఆనుకుని కోల్డ్ స్టోరేజీలు వచ్చాయి. లాం ఫారంలో, అంటే అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పుట్టిన 334 రకం మిరప ఇప్పటికీ ఇక్కడ రోజూ వినిపించే పేరు.

అమ్ముకునే చోటుగా ఈ యార్డుకు మా మార్కు ఎక్కువే. కారణం ఒక్కటే, ఇక్కడ రకానికో కొనుగోలుదారు ఉంటాడు. తేజా అనే ఘాటు రకం కోసం ఎగుమతిదారులు వస్తారు, 334 కోసం కారం మిల్లుల వాళ్లు వస్తారు, రంగు పోయి తెల్లబడిన తాలు కాయను కూడా అడిగేవాళ్లున్నారు. ఊళ్లో కాయ ఆరబెట్టే కల్లం దగ్గర అన్నీ కలిపి ఒకే రేటు కట్టేవాళ్లకి అమ్మితే ఈ తేడా రైతుకు దక్కదు.

అయితే యార్డు పని సరుకుకు రేటు కట్టడమే, బాగుచేసుకోవడం కల్లంలోనే జరగాలి. ఎక్కువ మంది నష్టపోయేది తేమ దగ్గర. కాయలో తేమ 10 నుంచి 11 శాతానికి దిగాలి. మీటరు లేకపోతే కాయను చెవి దగ్గర ఊపి చూడండి, గింజ గలగలమనాలి. కొనేవాడు టిక్కీ (కాయ నింపిన గోనె బస్తా) మూతి విప్పి పైకాయ చూసి వదలడు, మోచేయి దాకా చెయ్యి దూర్చి నడిమి కాయ తీస్తాడు. తొడిమ లేత పసుపుగా ఉంటే సరే. నల్లబడితే లోపల బూజు మొదలైందనే అర్థం, అక్కడితో ఆ లాటు (కలిపి అమ్మే టిక్కీలన్నిటి) రేటు పడిపోతుంది. కాయ విరక్కుండా టిక్కీ కట్టేముందు నీళ్లు చల్లే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. నడిమి కాయ నల్లబడేది దాంతోనే. ఎండ తగ్గాక, చల్లటి పూట కట్టుకుంటే నీళ్లతో పనే లేదు.

తాలు కాయను వేరే టిక్కీలో కట్టండి. మంచి కాయలో పదోవంతు తాలు కలిసినా రేటు మొత్తం తాలు వైపే లాగుతుంది. టిక్కీకి 40 నుంచి 45 కిలోలు చాలు. తొక్కి నింపితే కాయ పగిలి గింజ రాలుతుంది, కాటా దగ్గర ఆ బరువు తరిగిపోతుంది.

సరుకు ముందురోజు సాయంత్రానికే చేరితే మంచిది. దించిన వెంటనే టిక్కీలు లెక్కపెట్టుకుని లాటు నంబరు రాసుకోవాలి. పొద్దున కొనేవాళ్లు సరుకు చూడటం, ఆ తర్వాత ధర, ధర ఒప్పుకున్నాకే కాటా. రేటు నచ్చకపోతే ఆ రోజు అమ్మకుండా ఆగొచ్చు, ఆ సంగతి కాటాకు ముందే చెప్పాలి. అమ్మకం లెక్క రాసిచ్చే పట్టీలో కమీషన్, హమాలీ, కాటా ఖర్చు విడివిడిగా రాయించుకోండి. మొత్తం ఒకే అంకెగా వేసిన పట్టీ తీసుకోవద్దు.

ధర లేనప్పుడు కోల్డ్ స్టోరేజీ అక్కరకొస్తుంది. చల్లదనంలో కాయ ఎరుపు నెలల తరబడి చెక్కుచెదరదు, రసీదు మీద అప్పూ పుడుతుంది. కానీ అద్దె, వడ్డీ రెండూ కలిపి చూసుకుని, వాటికి మించి ధర పెరిగే ఆశ ఉంటేనే పెట్టండి. తడి కాయను అందులో పెడితే బాగుపడదు, బయటికి తీశాక ఇంకా తొందరగా చెడుతుంది. తీసిన టిక్కీకి చెమట పడుతుంది, అది ఆరేదాకా మూతి విప్పకూడదు.

సీజన్‌లో, ముఖ్యంగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, లారీల వరస రోడ్డు మీదికి వస్తుంది. దించే చోట ఘాటుకు ముక్కుకు తడిగుడ్డ లేకుండా నిలబడలేరు. శని, ఆదివారాలు యార్డుకు సెలవు, ఎండాకాలం సెలవులు కూడా ఉంటాయి. శుక్రవారం రాత్రి బండి కట్టించే ముందు కమీషన్ కొట్టుకు ఒక ఫోన్ చేయండి.