చేత్తో కొట్టిన డమాస్కస్ కత్తి: చారలు సరే, అంచు సంగతి చూడండి

వంటింట్లో రోజూ వాడటానికి ఒక కమ్మరితో చెప్పి చేయించుకున్న కత్తి ఇది. అలుగు ఎనిమిది అంగుళాలు. 1084, 15ఎన్20 అనే రెండు రకాల ఉక్కును పొరలుగా పేర్చి, అతుకు పట్టడానికి వెలిగారం చల్లి, కొలిమిలో కాల్చి అతికించి సాగగొట్టారు. ఆ పొరలే అలుగు మీద నీటి అలల్లాంటి చారలుగా కనిపిస్తాయి, ఎవరు చూసినా ముందు వాటినే మెచ్చుకుంటారు. తెగేది చారల వల్ల కాదు కాబట్టి నేను అంచుతో మొదలుపెడతాను.

బాగా పండిన టమాటా మీద బరువు వేయకుండా లాగితే చాలు, తోలు తెగుతుంది. అంతకంటే నాకు నచ్చింది క్యారెట్. మందపాటి కత్తి పెడితే క్యారెట్ సగం తెగి సగం టక్కున విరుగుతుంది. ఇది చివరిదాకా కోస్తుంది, ముక్క నున్నగా వస్తుంది. వెన్ను దగ్గర దిట్టంగా ఉన్న అలుగును అంచు వైపు అంత పలచగా దించడం ఓపికగా చేసిన సాన పని.

అసలు పనితనం మాత్రం వేడి దగ్గరే ఉంది. సుమారు 770 డిగ్రీల సెల్సియస్ దాటితే ఉక్కుకు అయస్కాంతం అంటుకోదు. అక్కడి నుంచి ఇంకాస్త కాల్చి, 815 దగ్గర నూనెలో ముంచుతారు. అప్పుడు అలుగు గట్టిపడుతుంది గానీ, కింద పడితే పెళుక్కున విరిగేంత పెళుసుగా ఉంటుంది. ఆ పెళుసు తగ్గించడానికి 200 డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు వేడిలో ఉంచారట. గట్టి గుమ్మడికాయ కోశాక కూడా అంచు పెచ్చులూడలేదు, మడత పడలేదు. ఆ మాట నమ్మడానికి నాకు అది చాలు.

ఇక చారలు. 15ఎన్20లో సుమారు 2 శాతం నికెల్ ఉంటుంది. లోహాన్ని తినే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ముంచితే 1084 నల్లబడుతుంది, నికెల్ పొర మెరుస్తూ మిగులుతుంది. పైపైన అచ్చు వేసిన నకిలీలు బోలెడు, కాబట్టి కొనేముందు వెన్ను చూడండి. పొరల గీతలు అక్కడా కనిపించాలి. నా కత్తి వెన్నును భూతద్దంతో చూశాను, అతుకు విడిన నల్ల గీత ఒక్కటీ లేదు.

దీన్ని ‘ప్రాచీన రహస్యం’ అని అమ్మేవాళ్ళను మాత్రం నమ్మకండి. పాతకాలపు డమాస్కస్ కత్తులకు వాడింది తెలంగాణలోని కోనసముద్రం లాంటి చోట్ల మూసల్లో కరిగించిన ఉక్కు. దాని చారలు ఉక్కు లోపలి కార్బైడ్‌ల (కార్బన్ కలిసిన గట్టి రేణువుల) వల్ల వచ్చేవి, పొరలు అతికించడం వల్ల కాదు. ఇది వేరే విద్య, దీని గొప్ప దీనికి ఉంది.

పిడి దగ్గరే నాకు అసంతృప్తి. చెక్క అంచులు పలకలుగా వదిలేశారు, ఎక్కువసేపు తరిగితే చూపుడువేలు కింద ఒరుసుకుంటుంది. చెక్కకూ లోహానికీ మధ్య సన్నని సందు ఉంది, నీళ్ళు అందులో నిలుస్తాయి. తుప్పును ఆపే క్రోమియం దాదాపు లేని ఉక్కు కాబట్టి తుప్పు మొదలయ్యేది అక్కడే. నిమ్మకాయ కోస్తే వెంటనే కడిగి, తుడిచి, నూనె చుక్క రాయాల్సిందే. చేయించుకునేవాళ్ళు పిడిని గుండ్రంగా నూరి, ఆ సందును ఎపాక్సీ జిగురుతో పూడ్చి ఇవ్వమని ముందే అడగండి.