ముత్తాత జాడకు: ఖాస్రా పహాణీయా, మిరాసీ కథకుడా?

ముత్తాత సాగు, భూమి, ఊరు తెలియాలంటే 1954-55 ఖాస్రా పహాణీ, అంటే తెలంగాణ ఊళ్ల పాత భూమి రికార్డు. ఇంటిపేరు పుట్టుక తెలియాలంటే మిరాసీ కథకులు, అంటే ఒక్కో కులం కథ చెప్పే వంశపారంపర్య హక్కు ఉన్నవాళ్లు. ఒకదాని పని రెండోది చేయలేదు.

పహాణీ నకలుకు తహసీల్దార్ ఆఫీసులో ఊరు, సర్వే నంబరు రాసి దరఖాస్తు పెట్టాలి. నంబరుకు బై పడి ఉంటే (214/అ లాంటిది) అసలు నంబరే అడగండి. పాత కాగితాల మీద ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటే 590 కలపాలి: 1364 ఫసలీ అంటే 1954-55. పట్టాదారు గడి ఒక్కటే చూసి లేవకండి. మీ ముత్తాత కౌలుకు దున్నితే పేరు సాగుదారు గడిలో ఉంటుంది, చాలామంది జారవిడిచేది అక్కడే. ఉర్దూ గొలుసురాతలో చుక్కలు ఎగిరిపోతాయి. బ-ప, జ-చ అక్షరాలకు తేడా ఆ చుక్కలే గనుక పోచయ్య కాస్తా బూజయ్య అవుతాడు. చదివించేటప్పుడు తండ్రి పేరుతో సరిచూడండి. భూమీ కౌలూ లేని కుటుంబమైతే ఈ దారి దాదాపు మూసుకున్నట్టే.

అప్పుడు కథకులే దిక్కు. పద్మశాలీలకు కూనపులి, ముదిరాజులకు కాకి పడగల, మాదిగలకు డక్కలి వాళ్లు. కథ చెప్పడానికి ఊరికి వచ్చినప్పుడే ఇంటిపేరు, గోత్రం, ఇలవేల్పు అడిగి రికార్డు చేసుకోండి. వాళ్లకు రావలసిన త్యాగం (ఆనవాయితీగా ఇచ్చే కట్నం) ఇవ్వడం మరవొద్దు. తేదీలు మాత్రం వాళ్ల దగ్గర ఆశించకండి. ఇంటిపేరు కలిసిందని చుట్టరికం కలపొద్దు, ఒకే ఊరి పేరు నాలుగు కులాలకూ ఇంటిపేరై ఉంటుంది.