క్లెప్ ఇంగ్లీష్ లిటరేచర్: ఏడాదికి పైగా చదివి, పాసయ్యాక నా సమీక్ష

ముందే తేల్చి చెప్పేస్తాను. అమెరికాలో కాలేజ్ బోర్డు అనే సంస్థ పెట్టే క్లెప్ పరీక్షల్లో ఇంగ్లీష్ లిటరేచర్ రాయాలనుకునేవాళ్ళు డబ్బు పెట్టి కొనాల్సింది ఒక్కటే: నార్టన్ ఆంథాలజీ ఆఫ్ ఇంగ్లీష్ లిటరేచర్, అదీ పాత ఎడిషన్, సెకండ్ హ్యాండ్‌లో. మిగతావన్నీ ఉచితంగా దొరుకుతాయి. నేను ఏడాదికి పైగా ఈ పుస్తకాలతోనే గడిపాను. పాసయ్యాక కూడా వదల్లేదు. ఇక్కడ డాలస్ దగ్గర కమ్యూనిటీ కాలేజీలో చదివే మన పిల్లలతో, నాలాగే పెళ్ళయి వచ్చాక మళ్ళీ డిగ్రీ మొదలుపెట్టిన ఆడవాళ్ళతో కూర్చుని అవే పేజీలు చదువుతున్నాను. కాబట్టి ఇది నా ఒక్కదాని అనుభవమే కాదు.

పరీక్ష సంగతి తెలియనివాళ్ళకు క్లుప్తంగా చెబుతాను. ఒక సెమిస్టరంతా క్లాసులో కూర్చోకుండా, ఆ సబ్జెక్టు మనకు వచ్చని ఒక్క పరీక్షతో చూపించి క్రెడిట్లు తెచ్చుకునే పద్ధతి అమెరికాలో 1960ల నుంచి ఉంది. ఈ పేపర్లో దాదాపు 95 ప్రశ్నలు, 90 నిమిషాలు. ప్రతి ప్రశ్నకూ ఐదు జవాబులిస్తారు, ఒకటి ఎంచుకోవాలి. తప్పుకి మార్కులు కొయ్యరు. స్కోరు 20 నుంచి 80 మధ్యలో వస్తుంది. 50 వస్తే మూడు క్రెడిట్లు ఇవ్వొచ్చని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సిఫార్సు. అది సిఫార్సు మాత్రమే. ఎంత స్కోరు అడగాలో, ఏ కోర్సు బదులుగా లెక్కవెయ్యాలో మీ కాలేజీ ఇష్టం. పుస్తకం తెరిచే ముందే అడ్వైజర్‌కి ఈమెయిలు పెట్టి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. పరీక్ష రుసుము వంద డాలర్ల లోపే, సెంటర్ వాళ్ళ చార్జీ వేరు. మూడు క్రెడిట్ల ట్యూషన్ ముందు ఇది ఏపాటి!

సిలబస్ పాత ఇంగ్లీషు కావ్యం బియోవుల్ఫ్ నుంచి ఇప్పటిదాకా వచ్చిన బ్రిటిష్ సాహిత్యం. విట్మన్, ఎమిలీ డికిన్సన్ ఇందులో ఉండరు. అమెరికన్ లిటరేచర్‌కు వేరే పేపరుంది. అంత పొడుగు చరిత్ర చూడగానే మనవాళ్ళు చేసే మొదటి పని కవి పేరు, కావ్యం పేరు, సంవత్సరం రాసుకుని బట్టీ మొదలుపెట్టడం. ఆ పని చెయ్యొద్దని చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను. కాలేజ్ బోర్డు చెప్పే లెక్క ప్రకారం ఎవరు ఏం రాశారు, ఏ ఛందస్సు, ఏ పారిభాషిక పదం లాంటి విషయజ్ఞానానికి 35 నుంచి 40 శాతమే. మిగతా 60 నుంచి 65 శాతం, ఒక ఖండిక ఇచ్చి దాన్ని చదవగలరా లేదా అని చూడటం. చెప్పేవాడి గొంతు ఎలాంటిది, ఈ ఉపమానం ఎటు లాగుతోంది, మూడో పాదంలో 'అది' అన్నది దేన్ని గురించి, ఇలా ఉంటాయి ప్రశ్నలు. సాహిత్య విమర్శ నుంచి ఒక పేరా ఇచ్చి, అందులోని వాదన అర్థమైందా అని కూడా అడుగుతారు. జాబితాలు ఎన్ని కంఠతా పట్టినా ఈ ప్రశ్నల దగ్గరికి చేరలేం.

నేను ఒక ఫ్లాష్‌కార్డుల యాప్‌కి చందా కట్టాను, ఒక గైడు పుస్తకం కూడా కొన్నాను. పేర్లు చెప్పను. యాప్ ఆ 40 శాతంలో ఒక ముక్కకు పనికొచ్చింది. గైడులో నవలల కథాసంగ్రహాలు పేజీలకు పేజీలు ఉన్నాయి, పద్యం ఎలా చదవాలో మాత్రం లేదు. దాని నమూనా ప్రశ్నలు కథలో తర్వాత ఏం జరిగిందని అడుగుతాయి. అసలు పరీక్ష తీరు అది కాదు. నమూనా ప్రశ్నలు కావాలంటే కాలేజ్ బోర్డు వాళ్ళ సొంత గైడులోవే చెయ్యండి. అవి కొన్నే ఉంటాయి, కానీ పరీక్షకు దగ్గరగా ఉండేవి అవే.

ఇక నార్టన్ గురించి. 1962లో ఎం. హెచ్. ఏబ్రమ్స్ సంపాదకత్వంలో మొదటిసారి వచ్చింది. 2018 నాటి పదో ఎడిషన్‌లో ఏ నుంచి ఎఫ్ దాకా ఆరు సంపుటాలు: మధ్యయుగాలు, పదహారో శతాబ్దంతో పాటు పదిహేడు మొదటి సగం, రాజరికం తిరిగొచ్చిన రెస్టొరేషన్ కాలంతో పాటు పద్దెనిమిదో శతాబ్దం, రొమాంటిక్ యుగం, విక్టోరియన్ యుగం, ఇరవయ్యో శతాబ్దం నుంచి ఇటువైపు. నేను కొన్నది అంతకు ముందు ఎడిషన్. పరీక్షకు ఏ తేడా లేదు, పాత కవి చాసర్ మారడు కదా. లైబ్రరీలు పాత పుస్తకాలు అమ్మేటప్పుడు ఇవి కొన్ని డాలర్లకే దొరుకుతాయి.

ఈ పుస్తకంలో నేను ఎక్కువ విలువిచ్చేది పద్యాల కంటే ముందు వచ్చే భాగాన్ని. ప్రతి యుగానికీ ఒక పరిచయ వ్యాసం ఉంటుంది: రాజు ఎవరు, మతం గొడవేమిటి, అచ్చుయంత్రం ఎప్పుడొచ్చింది, ఎవరు చదివేవాళ్ళు, ఎవరి కోసం రాసేవాళ్ళు. ఆ వ్యాసాలన్నీ నెమ్మదిగా, మళ్ళీ మళ్ళీ చదివితే తారీఖులు వాటంతట అవే తలలో కూర్చుంటాయి. 1660లో రాజరికం తిరిగొచ్చి నాటకశాలలు మళ్ళీ తెరిచారని తెలిస్తే, ఆ తర్వాతి హాస్యనాటకాలు అంత విచ్చలవిడిగా ఎందుకున్నాయో వేరే గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ప్రతి కవికీ ముందు చిన్న పరిచయం, చాసర్ లాంటి వాళ్ళ దగ్గర పాదం పక్కనే పాతమాటలకు అర్థం, కింద వివరణలు. మన టీకా తాత్పర్యాల పద్ధతికి అలవాటుపడ్డవాళ్ళకు చాలా సుఖంగా ఉంటుంది. కాగితం బాగా పల్చన. పెన్సిల్‌తోనే రాసుకోండి.

ఛందస్సు దగ్గర కాసేపు ఆగుతాను. తెలుగు చదువుకున్నవాళ్ళకు ఈ పరీక్షలో అక్కరకొచ్చే అసలు ఆస్తి ఇదే, పైగా దీన్ని ఎవరూ చెప్పరు. స్కూల్లో గురులఘువులు గుర్తించి గణవిభజన చేసినవాళ్ళకు ఇక్కడ సగం పని ముందే అయిపోయింది. అయాంబ్ అంటే లఘువు తర్వాత గురువు, మన వగణం. ట్రోకీ దానికి తలకిందులు, హగణం. అనపెస్ట్ సగణం, డాక్టిల్ భగణం, స్పాండీ గగం. అయాంబిక్ పెంటామీటర్ అంటే పాదానికి ఐదు వగణాలు. అంత్యప్రాస లేకుండా ఆ పాదాలే నడిస్తే బ్లాంక్ వెర్స్, మిల్టన్ 1667లో ప్యారడైజ్ లాస్ట్ అచ్చువేసింది అందులోనే. రెండేసి పాదాలు ప్రాసతో మూసుకుంటే హీరోయిక్ కప్లెట్, అది డ్రైడెన్, పోప్‌ల సొత్తు. అమెరికన్ విద్యార్థులు ఈ పేర్లు చూసి బెదిరిపోవడం చూశాను. మనం బెదరక్కర్లేదు.

కానీ రెండు చోట్ల జాగ్రత్త. మన గురువు పలకడానికి పట్టే కాలాన్ని బట్టి ఏర్పడేది, వాళ్ళది ఊనికను, అంటే ఒత్తి పలకడాన్ని బట్టి. సిటీ, మనీ అనే మాటలు మనం పలికినట్టు రాస్తే లఘువు, గురువు. ఇంగ్లీషులో ఊనిక మొదటి అక్షరం మీద, కాబట్టి అవి ట్రోకీలు. బిగిన్ అయాంబ్, టేబుల్ ట్రోకీ, అండర్‌స్టాండ్ అనపెస్ట్ నడక, బ్యూటిఫుల్ డాక్టిల్. అనుమానం వస్తే నిఘంటువులో ఊనిక గుర్తు చూడండి, నోటి అలవాటును నమ్మొద్దు. రెండోది గుర్తుల సంగతి. మనం గురువుకు గిన్నె ఆకారం, లఘువుకు నిలువుగీత పెడతాం. ఇంగ్లీషులో గిన్నెలాంటి గుర్తు ఊనిక లేని అక్షరానికి, గీత ఊనిక ఉన్నదానికి. సరిగ్గా ఎదురు! వాళ్ళ గుర్తులతోనే సాధన చెయ్యండి, లేకపోతే పరీక్షలో తికమక.

బియోవుల్ఫ్ కూడా మనకు దగ్గరే. ఆ పాత ఇంగ్లీషు పాదం మధ్యలో విరుగుతుంది, మొదటి సగంలో ఊనిక ఉన్న అక్షరంతో రెండో సగంలోని అక్షరం అదే ధ్వనితో కలవాలి. ఉత్పలమాలలో మొదటి అక్షరానికి పదో అక్షరంతో యతి కుదర్చడం గుర్తొస్తుంది. వాళ్ళకు కూడా అచ్చుకు అచ్చుతో మైత్రి ఉంది, ఏ అచ్చుకు ఏదైనా సరిపోతుంది. మనకే ఆ విషయంలో నియమం ఎక్కువ. ఇంత లోతు పరీక్షలో అడగరు. అయినా పాఠం పరాయిదిగా అనిపించడం మానేశాక చదవడం వేగంగా సాగింది.

ఊనిక చెవికి పట్టాలంటే వినాలి. లిబ్రివాక్స్ అనే వెబ్‌సైట్లో కాపీరైటు తీరిన పుస్తకాలు ఎన్నో వాలంటీర్లు చదివి పెడతారు, పైసా ఖర్చు లేదు. నేను వంట చేస్తూ కీట్స్ ఓడ్లు, టెన్నిసన్ విన్నాను. తర్వాత పుస్తకం తెరిచి, గొంతెత్తి చదివాను. పద్యం పైకి చదవడం మనకు సిగ్గు కాదు కాబట్టి ఇది తేలికైన సాధనే. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్లో నవలలు దొరుకుతాయి. మోడర్న్ స్టేట్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఈ పేపర్‌కే ఉచిత ఆన్‌లైన్ కోర్సు ఇస్తోంది, పూర్తిచేసినవాళ్ళకు పరీక్ష రుసుముకు వోచర్ కూడా ఇస్తుంది. చేతిలో డబ్బు తక్కువ ఉన్న విద్యార్థికి అది పెద్ద సాయం. దాన్ని దారి చూపే పటంగా వాడుకుని, ప్రతి పాఠం తర్వాత నార్టన్‌లో ఆ కవి రాసింది కనీసం ఒక్కటి స్వయంగా చదవండి.

ఇంతకీ నాకు ఎక్కువ లాభం చేసిన సాధన ఇది. ఇంట్లో ఎవరితోనైనా పుస్తకం తెరిపించి, పేరు చెప్పకుండా పది పాదాలు చదివించుకోవడం. ఏ కాలం, ఎవరిది కావచ్చు, ఎందుకు అని చెప్పడం. రెండేసి పాదాలు తూచినట్టు ముగిసి, వ్యంగ్యం పదునుగా ఉంటే పోప్ కాలం. కొండ, వాగు, ఒంటరి మనిషి, 'నేను' అనే గొంతు ఉంటే వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్‌లు కలిసి 1798లో లిరికల్ బాలడ్స్ తెచ్చిన తర్వాతి మాట. ఒకడు మాట్లాడుతుంటే ఎదుటివాడు నోరు మెదపకుండా, మాట్లాడేవాడి బుద్ధే బయటపడిపోతుంటే బ్రౌనింగ్. ప్రేమను చెప్పడానికి వృత్తలేఖిని, జల్లెడపట్టిన తర్కం లాంటివి తెస్తే డన్. నాలుగేసి పాదాల్లో మొదటిదీ చివరిదీ ప్రాస కలిసి, మధ్య రెండూ కలిస్తే టెన్నిసన్ 1850 నాటి ఇన్ మెమోరియమ్. మొదట్లో మా అమ్మాయి చదివిపెట్టేది, తర్వాత దానికే ఆసక్తి పుట్టి నాతో పందెం వేసుకునేది.

వచనంలో కష్టమైంది పద్దెనిమిదో శతాబ్దపు వ్యంగ్యం. 1729లో స్విఫ్ట్ రాసిన ఎ మోడెస్ట్ ప్రపోజల్ అర్థమైతే గొంతు, ఉద్దేశం వేరువేరని తెలిసిపోతుంది. ఐర్లండు పేద పిల్లలను అమ్ముకుని తినొచ్చని ఎంతో మర్యాదగా లెక్కలు చెప్పే ఆ మనిషి స్విఫ్ట్ కాడు. పరీక్షలో 'రచయిత వైఖరి' అని అడిగితే దీన్నే పట్టుకోవాలి. నవలల విషయంలో నా సలహా: అన్నీ చదవలేం. ఆస్టిన్, డికెన్స్, జార్జ్ ఎలియట్, హార్డీ, వుల్ఫ్, జాయిస్‌ల మొదటి రెండు మూడు అధ్యాయాలు శ్రద్ధగా చదివి వాళ్ళ వాక్యం నడక పట్టుకోండి. మనసుకు నచ్చిన ఒక్కటి పూర్తిగా చదవండి.

మన సాహిత్యంతో పరిచయం ఉంటే దారిలో ఇంకొన్ని చేతులందుతాయి. గోల్డ్‌స్మిత్ నవల ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్‌ను చదువుతుంటే, దాన్ని చూసే వీరేశలింగం పంతులుగారు రాజశేఖర చరిత్రము మలిచారని గుర్తొచ్చి, ఆ కుటుంబం కష్టాలు నాకు ముందే తెలిసినట్టనిపించాయి. కృష్ణశాస్త్రిని ఇష్టపడేవాళ్ళకు షెల్లీ వెంటనే తగులుతాడు. 1922 నాటి ది వేస్ట్ లాండ్ చివర్లో టి. ఎస్. ఎలియట్ బృహదారణ్యకోపనిషత్తు నుంచి దత్త, దయధ్వం, దమ్యత తీసుకుని శాంతి మంత్రంతో ముగిస్తాడు. ఇక్కడ అమెరికన్ విద్యార్థికి పేజీ కింద వివరణ కావాలి.

అందరికీ ఈ పేపరే సరిపడదు. చరిత్ర, పేర్లు వద్దు, చదివి అర్థం చేసుకోవడం బాగా వచ్చంటే అనలైజింగ్ అండ్ ఇంటర్‌ప్రెటింగ్ లిటరేచర్ అనే వేరే క్లెప్ పేపరు ఉంది. దాదాపు 80 ప్రశ్నలు, 98 నిమిషాలు, ఇచ్చిన ఖండికల మీదే అంతా. మీ కాలేజీ దేనికి క్రెడిట్ ఇస్తుందో చూసి ఎంచుకోండి. కొన్ని కాలేజీలు ఇంగ్లీష్ లిటరేచర్‌తో పాటు ఐచ్ఛిక వ్యాసాలు కూడా అడుగుతాయి. అవి రెండు, మరో 90 నిమిషాలు, దిద్దేది కాలేజీ వాళ్ళే. మీది ఆ జాబితాలో ఉంటే వారానికి ఒక పద్యం తీసుకుని, గడియారం పెట్టుకుని రాయడం మొదటి నెల నుంచే మొదలుపెట్టండి. ఒకసారి పోతే మళ్ళీ అదే పేపరు రాయడానికి మూడు నెలలు ఆగాలి, కాబట్టి సెమిస్టర్ గడువుకు ముందు ఆ మేరకు వ్యవధి ఉంచుకుని తారీఖు తీసుకోండి.

చేతిలో ఉన్నది రెండు నెలలే అయితే నార్టన్ మొత్తం ముట్టుకోవద్దు. యుగాల పరిచయ వ్యాసాలు, షేక్స్‌పియర్ సానెట్లు, డన్, పోప్, వర్డ్స్‌వర్త్, కీట్స్, బ్రౌనింగ్. వీళ్ళను పైకి చదువుతూ పట్టుకోండి, మిగతావి మోడర్న్ స్టేట్స్ కోర్సుకు వదిలెయ్యండి.